పొత్తిగుడ్డ

పురుటిబిడ్డకు కొత్త బట్ట తొడగకూడదని వరహాలమ్మకు ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. భీమిలిలో ఆమె వీధిలో పుట్టిన ప్రతి బిడ్డా ముందు ఎవరిదో పాత చీర ముక్కలోకే వచ్చింది. నూరుసార్లు ఉతికి, గంజి వాసన కూడా మరిచిపోయి, ఒంటికి తగిలినా తగిలినట్టు తెలియని నూలు చీర. పురుడు కడిగే పదకొండో రోజు దాకా బిడ్డకు పక్కా అదే, బట్టా అదే. అందుకే పుట్టబోయే బిడ్డకోసం కిందటి ఓడలో గాలి చొరబడని సంచుల్లో పెట్టి పంపిన తెల్లటి చొక్కాలను చూసి ఆమె నవ్వింది.

"పదకొండు రోజులయ్యేక తొడుగుదాం. ఈ గరుకు గుడ్డ తొడిగితే పసిపిల్ల ఒళ్లు కందిపోదేటి" అని వాటిని పై అరలో పెట్టేసింది.

ఆ మాట అన్నచోట వీధి లేదు, ఇరుగూ లేదు, పొరుగూ లేదు. దగ్గరి ఊరు ఓడలో వారం రోజుల దూరం. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, మ్యాపు మీద ఈగ వాలినంత మచ్చ కార్నెల్ దీవి. నిలువునా లేచిన నల్లరాతి కొండలు, మోకాలి లోతు గడ్డి, ఏడాదికి మూడువందల రోజులు వాన, మిగిలిన రోజులు గాలి. ఆ దీవిని పక్షులకు రాసిచ్చేశారు. మనుషులు అనుమతి కాగితం మీద ఉండాల్సిందే, కాగితం అయిపోగానే పోవాల్సిందే. చలికాలంలో అక్కడి పరిశోధన స్టేషన్‌లో ఉండేది ముగ్గురే. జనరేటర్లూ రేడియోవూ చూసే ఇంజనీరు కూర్మారావు, అతని భార్య సువర్చల, వంట ఉద్యోగం పేరుతో కొడుకూ కోడళ్ల వెంట వచ్చిన వరహాలమ్మ.

సువర్చల వచ్చింది చుంచెలుకల కోసం.

రెండొందల ఏళ్ల కిందట సీలు జంతువుల వేటగాళ్ల ఓడల్లోంచి దిగిన ఎలుకలవి. ఇక్కడ పిల్లులు లేవు, పాములు లేవు. ఆల్బట్రాస్ పక్షి పిల్ల మాత్రం ఉంది. కోడికన్నా పెద్దది, ఎనిమిది నెలలు గూట్లోనే కూర్చునేది, కదలడం తెలియనిది. ఎలుకలు గుంపుగా వచ్చి దాని వీపు కొరుకుతాయి. అది కూర్చునే ఉంటుంది. మర్నాడు మళ్లీ వస్తాయి. అప్పటికీ కూర్చునే ఉంటుంది. రెండుసార్లు విషం చల్లి చూశారు. మిగిలిన పదో పాతికో ఎలుకలు రెండేళ్లలో దీవిని మళ్లీ నింపేశాయి.

"చంపితే లాభం లేదు అత్తయ్యా" అంది సువర్చల ఒకరోజు, టీ పట్టుకొచ్చిన వరహాలమ్మతో. అప్పటికి కోడలికి ఆరో నెల. "పెంచనివ్వకూడదు."

బల్ల మీద పంజరంలో తల్లి ఎలుక ఒకటి ఏడు పిల్లల్ని పొట్టకింద పెట్టుకుని పడుకుంది. సువర్చల పట్టకారుతో చిన్న గుడ్డ పీలికను గూటిలోకి జారవిడిచింది. పీలిక చివర ఎర్రదారం ముడి ఉంది. తల్లి ఎలుక ముక్కు కదిపింది. లేచింది. పిల్లలు పొట్టను వదలక కాసేపు వేలాడి కిందపడ్డాయి. అది వాటిని తొక్కుకుంటూ అవతలికి పోయి ఒళ్లు నాక్కుంది. తరువాత ఒక పిల్లను వాసన చూసింది, మేతగిన్నెను వాసన చూసినట్టే.

సువర్చల గబుక్కున పంజరం మీద తువ్వాలు కప్పేసింది.

"ఏటమ్మా అది? ఏటి చేస్తంది?"

"దానికి ఆకలేస్తోంది. అవి తన పిల్లలని ఇప్పుడు దానికి తెలీదు."

తువ్వాలు కింద సన్నటి కీచుమన్న చప్పుడు ఒకటి వచ్చి ఆగిపోయింది. సువర్చల సింకు దగ్గరికి వెళ్లి వాంతి చేసుకుంది. వరహాలమ్మ నుదురు పట్టుకుంది. నోరు కడుక్కుని కోడలు చెప్పిన సంగతి ఇది: ఈనిన నాలుగు రోజుల్లో తల్లి ముక్కు పిల్ల వాసనను మెదడులో ఒకే ఒక్కసారి రాసుకుంటుంది. ఈ మందు ఆ ముక్కును మూసేస్తుంది. నాలుగు రోజులు దాటాక మూత తీసినా ఇక రాసుకోవడమంటూ ఉండదు. మందుకు ఆమె పెట్టుకున్న పేరు విముఖి. ఎలుకలు గూటికోసం మెత్తటి గుడ్డ ఏరుకుపోతాయి కాబట్టి మందును గుడ్డకే పట్టించాలి. కొత్త నూలు మందును పీల్చదు, జారవిడిచేస్తుంది. బాగా నలిగిన పాత గుడ్డయితే నెలల తరబడి పట్టుకుంటుంది.

అందుకని వరహాలమ్మ పెట్టెలోని పాత చీరలు ఆరు ల్యాబుకు వెళ్లాయి. చించి, అంచులు కుట్టి ఇచ్చింది కూడా ఆమే. మందు పట్టించినవాటికి ఎర్రదారం ముడి, పట్టించనివి ఉత్తవి.

"నా పెళ్లినాటి చీరల్లో ఎలకలు కాపురాలు పెడతన్నాయి. నా యోగం చూడు" అనేది ఆమె.

"పెట్టనియ్యకుండా చూడ్డానికేగా అత్తయ్యా."

"మా ఆడబడుచుకి ఎవరో ఈ మందు ముందే పెట్టినట్టున్నారు. పిల్లల మొహం చూసి ఎరగదు."

సువర్చల నవ్వి, గోధుమరంగు సీసా అందించేది. "ముందు ముక్కు కడుక్కోండి. మనుషులకు పట్టదనే అనుకుంటున్నాం. అయినా ఎర్రముడి ముట్టుకున్నవాళ్లు ఈ నీళ్లతో కడుక్కోవాల్సిందే. కడిగితే గంటలో వదిలిపోతుంది, లేకపోతే పది రోజులుంటుంది."

మందు తయారై మూడు నెలలైనా సువర్చల దాన్ని దీవిలో చల్లలేదు. రేడియోలో తమను పంపిన ఆఫీసువాళ్లు అడిగినప్పుడల్లా ఇంకొన్ని పరీక్షలున్నాయనేది. అసలు సంగతి వరహాలమ్మకు తెలుసు. పొట్ట మీద చెయ్యి వేసుకుని కోడలు ఓసారి అడిగింది, "చంపడం వేరు, ఇది వేరు కదా అత్తయ్యా. ఇలాంటిది చెయ్యొచ్చంటారా?"

వరహాలమ్మ కంచం ముందుకు జరిపింది. "తిను ముందు" అంది.

*

ఏడో నెలలో సువర్చలను తీసుకుపోవాల్సిన ఓడ వచ్చి, అలలు తగ్గక పద్దెనిమిది రోజులు దీవి చుట్టూ తిరిగి, నూనె అయిపోవస్తోందని వెనక్కి పోయింది. ఇక చేసేదేముంది? రేడియోలో డాక్టరు చెబుతుంటే కూర్మారావు కాగితం మీద రాసుకున్నాడు. వరహాలమ్మ రాసుకోలేదు. భీమిలిలో నాలుగు పురుళ్లు చేతుల మీద చూసిన మనిషి.

నొప్పులు జనరేటర్ గదిలో మొదలయ్యాయి. ఆ వెచ్చదనానికి అక్కడ తాడు కట్టి సువర్చల గుడ్డలు ఆరేస్తోంది. మందు గుడ్డలున్నాయని తలుపు మీద ఎర్రటి అట్ట తగిలించి ఉంది. ఆరేసిన గుడ్డలు ఆరేసినట్టే ఉండగా ఆమెను నడిపించుకొచ్చి పక్క మీద పడుకోబెట్టారు. మర్నాడు మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. వరహాలమ్మ బొడ్డు కోసి, బిడ్డను గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, పొత్తిగుడ్డల కోసం పరుగెత్తింది. జనరేటర్ గదిలో తాడు మీద వెచ్చగా, ఆరి, తనదే మామిడిరంగు చీర ముక్కలుగా కనిపించింది. కూర్మారావు పుట్టినప్పుడు కట్టుకున్న చీర. ఆమె చూసింది చీరను. అట్టనూ చూడలేదు, ముడినీ చూడలేదు. ఉన్నవన్నీ గుంజుకుని వచ్చి, ఒకటి కట్టి, ఒకటి చుట్టి, ఇంకొకటి తలకు కప్పి, బిడ్డను తల్లి గుండెల మీద పెట్టింది.

"చూడమ్మా. నీ ముక్కే."

సువర్చల కళ్లు తెరిచి చేతులు చాచింది. బిడ్డ మాడు మీద ముక్కు ఆనించింది. అలా కాసేపు ఉంది. తరువాత ఆమె మొహంలో ఏదో వెదుకుతున్న మనిషి చూపు వచ్చింది.

"బాగుంది" అంది. "మీరు తీసుకోండి."

అలసిపోయి ఉంటుందిలే అనుకున్నారు.

రెండో రోజు పొద్దున్న తడిసిన గుడ్డ మారుస్తుంటే వరహాలమ్మ వేలికి ముడి తగిలింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. ఎర్రదారం. తాను ముడివేసిన దారమే. బిడ్డ తల మీద గుడ్డకూ ఉంది, పక్కగుడ్డకూ ఉంది. గబగబా అన్నీ విప్పేసి, ఒళ్లంతా తుడిచి, ఉత్తగుడ్డలు చుట్టి, ఎర్రముడివి పట్టుకెళ్లి పొయ్యిలో వేసింది. గోధుమరంగు సీసాలో నీళ్లతో తన ముక్కు తాను కడుక్కుంది. కోడలికి కూడా పట్టుకెళ్దామని అదే సీసా మళ్లీ చేతిలోకి తీసుకుంది.

అప్పుడే కూర్మారావు బిడ్డను ఎత్తుకుని వచ్చాడు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. "సువర్చల గోడవైపు తిరిగి పడుకుందమ్మా. ఎత్తుకోమంటే ఎత్తుకోదు. నువ్వు చూడు."

వరహాలమ్మ సీసా కింద పెట్టి బిడ్డను అందుకుంది. ఆ వెచ్చటి ముద్ద ఆమె భుజానికి ఆనగానే ఏడుపు మానేసింది.

"చూశావా" అన్నాడు కూర్మారావు, రెండు రోజుల్లో మొదటిసారి నవ్వుతూ. "దానికి నువ్వే కావాలి."

ఆ మాట ఆమె ఎన్నేళ్లుగా వినలేదో ఆమెకే తెలుసు. కూర్మారావు పుట్టినప్పుడు ఆమె అత్తగారు వాణ్ని పురిటిమంచం మీంచే ఎత్తుకుపోయింది. పాలకు తెచ్చి ఇచ్చేది, పాలు తాగగానే పట్టుకుపోయేది. వాడు 'అమ్మా' అని మొదట పిలిచింది నాయనమ్మనే. ఇంటిల్లిపాదీ నవ్వారు, వరహాలమ్మ కూడా నవ్వింది.

మనుషులకు పట్టదన్నారుగా, అనుకుంది. ఇప్పుడు చెబితే కొడుకు ఏమంటాడో. రేపు చెప్పొచ్చు. బాలింత మనసు నాలుగు రోజులు అటూ ఇటూ ఉంటుంది, అదే సర్దుకుంటుంది. సీసాను అరలో పెట్టేసింది. కోడలి మంచానికీ ఆ అరకూ పది అడుగుల దూరం.

మూడో రోజు చెప్పలేదు. పాలు పిండి ఇమ్మంటే సువర్చల పిండి గిన్నెలో ఇచ్చింది. వరహాలమ్మ ఉగ్గుగిన్నెతో పట్టింది. బిడ్డ కళ్లు తెరిచి ఆమె మొహాన్నే చూస్తూ తాగింది.

"నీకు పిల్లకన్నా ఎలకలే ఎక్కువ" అన్నాడు కూర్మారావు భార్యతో. "మూడు నెలలు వాటి పిల్లలకోసం ఏడ్చావు."

జవాబు వరహాలమ్మ ఇచ్చింది. ఎందుకన్నదో తరువాత ఎంత ఆలోచించినా ఆమెకు తెలియలేదు. "చదువు ఎక్కువైతే కొంతమందికి కడుపుతీపి తగ్గుతాదిరా. దాన్నేమీ అనకు" అంది.

నాలుగో రోజు సాయంకాలం సువర్చల అత్తగారిని మంచం దగ్గరికి పిలిచింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అత్తయ్యా, ఒకటి అడుగుతాను, నిజం చెప్పాలి. ఈయన పుట్టినప్పుడు మీకు చూడగానే ప్రేమ పుట్టిందా? నాకు అది ఎవరి పిల్లోలా ఉంది. దగ్గరికి తెస్తే విసుగ్గా ఉంది. అందరికీ ఇలాగే ఉంటుందా మొదట్లో?"

ఆ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. ఒకటి అరలో ఉంది. వరహాలమ్మ ఒళ్లో బిడ్డ చిటికెన వేలు పట్టుకుని నిద్రపోతోంది.

"పుట్టకేటమ్మా" అంది. "చూడగానే పుట్టింది."

సువర్చల దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వరహాలమ్మ ఆమె వీపు నిమిరింది. కోడలు ఏడవగా చూడటం ఆమెకు అదే ఆఖరు.

*

ఆరో రోజు పొద్దున్న వరహాలమ్మ పొయ్యి దగ్గర బాలింతకు పెట్టే కాయం ఉండ చేస్తోంది. కూర్మారావు రేడియో గదిలో ఉన్నాడు. బిడ్డ ఏడుపు వినిపించింది, ఆ తరువాత సన్నబడింది, దూరంగా ఎక్కడి నుంచో వస్తున్నట్టు. ఉండ పడేసి వచ్చేసరికి సువర్చల కుర్చీలో కూర్చుని నోట్‌బుక్కు చదువుకుంటోంది. ఉయ్యాల ఖాళీగా ఉంది.

"పిల్లేదమ్మా?"

"బయట పెట్టాను. చప్పుడుగా ఉంది."

గుమ్మం తీస్తే గాలి మొహాన కొట్టింది. మెట్టు కింద తడిగడ్డిలో బిడ్డ పడుకుని ఉంది. గుడ్డ ఎగిరిపోయి ఒళ్లు నీలం తిరుగుతోంది. రెండు బారల దూరంలో స్కువా ఒకటి నిలబడి ఉంది. బాతంత గోధుమరంగు పక్షి, ఇతర పక్షుల పిల్లల్ని తిని బతికేది. దానికి తొందర లేదు. ఒక అడుగు వేసింది. మెడ పక్కకు వంచి చూసింది. ఇంకో అడుగు వేసింది.

వరహాలమ్మ దాని మీద పడినంత పని చేసింది. బిడ్డను రవికలోకి దూర్చుకుని లోపలికి వచ్చి, పొయ్యి ముందు కూలబడి, పాదాలు రుద్దుతూ, అరుస్తూ అంతా చెప్పేసింది. చీర, తాడు, ముడి, సీసా. కూర్మారావు రేడియో గది గుమ్మంలో నిలబడిపోయాడు.

సువర్చల విన్నది. నోట్‌బుక్కులో కొత్త పేజీ తీసింది.

"ముడి చూసింది ఏ రోజు?"

"రెండో రోజమ్మా."

"ఏ పూట?"

"పొద్దున్న. గుడ్డ మార్చినప్పుడు."

"అప్పటికి గుడ్డ తగిలి పద్దెనిమిది గంటలు" అని రాసుకుంది. "అప్పుడు కడిగి ఉంటే మూడు రోజులు మిగిలేవి. సరిపోయేది." ఆ మాట కూడా రాసుకుంది. కలం మూసి, అర దగ్గరికి వెళ్లి, సీసా తీసుకుని ముక్కు కడుక్కుంది.

ఆ తరువాత పది రోజులు, పొద్దున్న తొమ్మిదికి వచ్చి బిడ్డను ఒళ్లో పెట్టుకుని పదకొండు దాకా కూర్చునేది. మాడు మీద ముక్కు ఆనించేది. వరహాలమ్మ తలుపు చాటున నిలబడి సింహాద్రి అప్పన్నకు మొక్కుకునేది. పదకొండు కాగానే సువర్చల బిడ్డను అందించి, నోట్‌బుక్కులో తేదీ వేసి, దానికెదురుగా 'లేదు' అని రాసేది. పదో 'లేదు' కింద గీత గీసింది.

ఆ లెక్కలో పదకొండో రోజున ఆమె ల్యాబులో పంజరాల మీద తువ్వాళ్లు తీసేసి, మడతపెట్టి, వంటింట్లోకి తెచ్చి ఇచ్చింది. అవి ఇక అక్కర్లేదంది. ఆ వారమే మందు చల్లడం మొదలుపెట్టింది. గడ్డిలో, రాళ్ల సందుల్లో, పక్షిగూళ్ల పక్కన గుడ్డ పీలికలు కుక్కుకుంటూ వర్షంలో రోజంతా తిరిగేది. రేడియోలో ఆఫీసువాళ్లు మెచ్చుకున్నారు. నెల తిరిగేసరికి, వీపు మీద గాయం లేని పక్షిపిల్లలు నలభై ఒకటి కనిపించాయని అన్నం తింటూ చెప్పింది. వరహాలమ్మకు మాత్రం గడ్డిలో నడుస్తుంటే పాదాల కింద సన్నటి కీచులాటలు వినిపించేవి. రానురాను అవీ తగ్గిపోయాయి.

కూర్మారావు తల్లితో మాట్లాడటం మానేశాడు. ఓడ వస్తోందన్న కబురు అందిన రోజున మాత్రం నోరు తెరిచాడు. ఇంకో ఇంజనీరు వచ్చేదాకా తాను కదలడానికి లేదు. సువర్చల పని ఇంకో ఏడాది ఉంది.

"పిల్లను నువ్వు తీసుకుపో. నీకు కావల్సింది అదేగా" అన్నాడు.

*

కొండ అంచున క్రేను ఉంది. మనుషుల్ని తాళ్లబుట్టలో కూర్చోబెట్టి కింద పడవలోకి దించాలి. ఆ రోజు సముద్రం పడుకున్న పశువులా నిదానంగా ఉంది. కూర్మారావు క్రేను దగ్గర మీటలు పట్టుకుని ఉన్నాడు. ఇటు తిరగలేదు. బిడ్డను గుండెకు కట్టుకుని వరహాలమ్మ బుట్టలో కూర్చుంది. రెండు నెలలు నిండబోతున్న పిల్ల. మనుషుల్ని పోల్చుకుంటోంది. ఆమె కనిపిస్తే కాళ్లూ చేతులూ ఆడిస్తుంది. ఒళ్లో ఏ బరువుకోసం అంత పని చేసిందో, ఆ బరువే ఇప్పుడు ఆమె మెడకు పడింది. అరవైకి రెండేళ్లు తక్కువ వయసు. పిల్ల పెద్దదై 'మా అమ్మేది' అని అడిగే రోజుకు తాను ఉండాలి, ఉండి చెప్పాలి.

సువర్చల పాలపొడి డబ్బాల సంచి మోసుకొచ్చి బుట్టలో పెట్టింది. మూడు గంటలకోసారి, కాచిన నీళ్లతో, అని చెప్పింది. బిడ్డను కట్టిన గుడ్డ ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. కొత్తగా చేరిన మనిషి పని నేర్చుకుని చేసినంత శ్రద్ధగా చేసింది.

వరహాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "తిట్టమ్మా. ఒక్కమాట తిట్టు. చెయ్యి చేసుకో. నీ పిల్లని నీకు కాకుండా చేసేను. నన్ను ఇలగ ఒదిలీకు."

సువర్చల ఆ చేతిని చూసింది, మొహాన్ని చూసింది. ఆమె గొంతులో కచ్చ లేదు. ఉంటే బాగుండునని వరహాలమ్మకు జీవితాంతం అనిపించింది.

"తిట్టాలంటే నాకేం పోయిందో నాకు తెలియాలి కదా అత్తయ్యా. పోయిందని మీరు చెప్పారు. లెక్క ప్రకారం అంతే అని నాకూ అర్థమైంది. అంతకుమించి ఏమీ లేదు." చెయ్యి విడిపించుకుని వెనక్కి జరిగింది. "పేరు మీరే పెట్టుకోండి. నాకు ఏదైనా ఒకటే."

క్రేను కదిలింది. బుట్ట నేలను వదిలి ఒక్క ఊపు ఊగేసరికి బిడ్డ బెదిరి గుక్కపట్టింది. పాలకోసం ఏడ్చే ఏడుపు అది, ఎంత గాలిలోనైనా చెవిని వెదుక్కుంటూ పోయే ఏడుపు.

కొండ మీద సువర్చల ఆగింది. వరహాలమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. కోడలి చొక్కా మీద రెండువైపులా తడి మచ్చలు లేచాయి. చూస్తుండగానే పెద్దవయ్యాయి. సువర్చల తల వంచి వాటిని చూసుకుంది. పైకప్పు ఎక్కడ కారుతోందో చూసే మనిషిలా కనుబొమలు ముడిచింది. తరువాత వానకోటు రెండు అంచులూ దగ్గరికి లాగి, గుండీలు పెట్టుకుని, మిగిలిన గుడ్డలున్న సంచి భుజాన వేసుకుని గడ్డిలోకి నడిచిపోయింది.